ఐసులో పెట్టిన నరం ముక్క

నేను పనిచేసిన ల్యాబులో ఇప్పటికీ గోడకు ఒక కాగితం అంటించి ఉందట. ‘నరం ముక్కను ఐసులో పెట్టవద్దు’ అని ఇంగ్లీషులో, కింద హిందీలో. కాగితం చిరిగినప్పుడల్లా ఎవరో ఒకరు తిరగరాసి అంటిస్తున్నారు గానీ, మొదట ఎవరు రాశారో, ఎందుకు రాశారో అక్కడ ఎవరికీ తెలియదని ఆ మధ్య కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్లో చెప్పింది. వాళ్లకు తెలియకపోవడం నాకు ఇన్నాళ్లూ హాయిగానే ఉంది. అది రాసింది నేను. ఎందుకు రాశానో చెప్పడానికి నలభై ఏళ్లు తీసుకున్నాను.

ముందే చెబుతున్నాను, ఇందులో నేను గొప్పగా కనిపించే చోటు ఒక్కటీ ఉండదు. రిటైరైనవాళ్లు రాసుకునే జ్ఞాపకాలు చాలా చదివాను. అన్నిట్లోనూ రాసినాయన ఒప్పే చేస్తాడు, పైఅధికారే తప్పు చేస్తాడు. మా పైఅధికారి తప్పేమీ చేయలేదు. ఆయన చేసిందల్లా నన్ను నమ్మడమే.

డెబ్బైల చివర్లో రేపల్లె పక్క ఊరి నుంచి ఢిల్లీ వచ్చి, ఒక పెద్ద ఆసుపత్రిలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు గదిలో టెక్నీషియన్‌గా చేరాను. ఆ అంతస్తు మొత్తానికి ఏసీ ఉన్నది మా గదికే. అది మా కోసం కాదు, యంత్రం కోసం. మే నెల వచ్చిందంటే అకౌంట్సు వాళ్లకు కూడా నరాల మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టుకొచ్చేది. ఫైలు పట్టుకుని వచ్చి అరగంట కూర్చునేవారు. నేను ఆ గదికి రాజులా ఉండేవాణ్ణి. నా పని మీద నాకు చాలా గర్వం. ఆ గర్వమే కొంప ముంచింది.

మా పెద్ద డాక్టరుగారు లక్నో మనిషి. మెత్తగా మాట్లాడేవారు, చప్రాసీని కూడా ‘ఆప్’ అని మర్యాదగా పిలిచేవారు. నరాలు ఏళ్ల తరబడి మెల్లగా చచ్చిపోయే జబ్బులు కొన్ని ఉన్నాయి. ఆ జబ్బుల్లో అన్నిటికంటే ముందు పాడయ్యేది ఏమిటి అన్నదే ఆయన ప్రశ్న. ఈ ఒక్క సంగతి చెప్పకపోతే తర్వాతి కథ మీకు అర్థం కాదు. నడుము దగ్గర ఉన్న నరకణం తన తోకను కాలి వేలి దాకా పంపుతుంది. అంత పొడుగు కణం ఊరికే నిలబడదు. దాని లోపల సన్నని గొట్టాలు, దారాలు ఉంటాయి. అదే కణానికి అస్థిపంజరం. పందిరికి గుంజల్లాగా కణాన్ని నిలబెట్టేవి ఆ గొట్టాలే, పైనుంచి కాలి వేలికి తిండీ సామానూ చేరేది కూడా వాటి వెంటే. జబ్బు పైకి కనిపించక ముందే ఆ గొట్టాలు కరిగిపోతాయని డాక్టరుగారి నమ్మకం. దానికి రుజువు కావాలి.

రుజువంటే మనిషి కాలి నుంచి తీసిన చిన్న నరం ముక్క. దాన్ని ఒక ద్రావణంలో వేసి, ఉన్నది ఉన్నట్టు గట్టిపడేలా చేసి, పొరలుగా కోసి మైక్రోస్కోపులో చూడాలి. ఆ ద్రావణం సీసా విదేశం నుంచి వచ్చేది, తాళం వేసిన ఫ్రిజ్‌లో ఉండేది, ల్యాబు గడప దాటేది కాదు. మా ఆసుపత్రిలోనే ఆపరేషన్ అయితే ముక్క రెండు నిమిషాల్లో పైకి వచ్చేసేది కాబట్టి ఇబ్బంది లేదు. బయటి ఆసుపత్రి నుంచి తేవాలంటే తడి గుడ్డలో చుట్టి, చిన్న సీసాలో పెట్టి, గంటసేపు ప్రయాణం చేయాలి. ఎలా తేవాలో ఒక అచ్చు కాగితం ఉండేది. ‘రూమ్ టెంపరేచర్‌లోనే తెచ్చాను’ అన్న గళ్లో టిక్కు పెట్టి సంతకం చేయాలి.

ఆ కాగితం ఏదో చల్లని దేశపు ల్యాబు నుంచి వచ్చింది. వాళ్ల రూము వేరు, మన రూము వేరు అనుకున్నాను నేను. లూ అనే వడగాలి కొట్టే ఢిల్లీ మధ్యాహ్నం, బస్సులో మాంసం ముక్క గంటసేపు ఉంటే ఏమవుతుంది? చేపలు ఐసు లేకుండా గంట నిలవవని మా ఊళ్లో పసివాడికి కూడా తెలుసు. అందుకని సొంత డబ్బుతో ఒక థర్మాస్ ఫ్లాస్కు కొని, దాన్నిండా ఐసు పోసి, అందులో సీసా దించి తెచ్చేవాణ్ణి. ల్యాబుకొచ్చాక మామూలుగా గళ్లో టిక్కు పెట్టేవాణ్ణి. ఐసుకు అక్కడ గడి లేదు మరి. ఎవరికీ చెప్పలేదు. అడగకుండానే మేలు చేస్తున్నాననుకుని లోపల మురిసిపోయేవాణ్ణి కూడా.

యమున అవతల ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేసే అమ్మాయి ఉండేది. మాది ఒకే జిల్లా, ఒకే సంఘం. మా తెలుగు సంఘానికి సొంత చర్చి లేదు. ఇంగ్లీషు ఆరాధన, హిందీ ఆరాధన అయ్యాక, ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆ హాలు మాకు వదిలేవారు. అక్కడ అందరూ ఆమెను సిస్టర్ అనేవారు, ఆసుపత్రిలోనూ సిస్టరే. ఇరవై ఆరేళ్లుంటాయి. కటవారియా సరాయ్‌లో ఒక గది అద్దెకు తీసుకుని తమ్ముణ్ణి దగ్గర పెట్టుకుని బ్యాంకు పరీక్షలకు చదివిస్తోంది. వాళ్ల నాన్న నలభై దాటకుండానే కాళ్లు పడిపోయి పోయాడట. ఇప్పుడు తమ్ముడికి మొదలైంది. నడుస్తుంటే కాలి నుంచి చెప్పు జారిపోయేది, వాడికి తెలిసేది కాదు. నాలుగడుగులు వేశాక ఎవరో పిలిచి చెప్పేవారు.

వాణ్ణి డాక్టరుగారికి చూపించింది నేనే. ఏప్రిల్‌లో సిస్టర్ పనిచేసే ఆసుపత్రిలోనే వాడి కాలి నరం ముక్క తీశారు. మంచం మీద నుంచే నన్ను ఆట పట్టించాడు.

“అన్నయ్యా, బస్సులో నిద్రపోయి నా నరం సీటు కింద మర్చిపోయేరు.”

“నిన్నే మర్చిపోతాను గానీ దాన్ని మర్చిపోనురా,” అన్నాను.

ఐసులో భద్రంగా తెచ్చాను. మైక్రోస్కోపులో చూస్తే గొట్టాలు దాదాపు లేవు. డాక్టరుగారు ఆ మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. ఎన్నేళ్లుగానో ఎదురుచూసింది కళ్ల ముందుంది. అయితే ఒక చిక్కు వచ్చింది. పోల్చి చూడటానికి మా దగ్గర ఉన్నవన్నీ ముసలివాళ్ల నరాలు. అదే ఇంట్లో, ఇంచుమించు అదే వయసులో, జబ్బు లేని మనిషి నరం కావాలి. అడగడానికి ఆయన మొహమాటపడ్డారు. సిస్టరే అడిగింది.

“నాది పనికొస్తుందా సర్?”

“పాదం పక్కన మొద్దుబారిపోతుంది సిస్టర్, ఎప్పటికీ అంతే, హమేషా కే లియే,” అన్నారాయన.

“ఠీక్ హై సర్.”

బయటికొచ్చాక నాతో తెలుగులో చెప్పింది. “వాడికి ఉపయోగపడుతుంది, నా సంగతీ తేలిపోద్ది కదన్నయ్యా. జూన్‌లో పెళ్లి పెట్టుకున్నాం. నాలో కూడా ఆ జబ్బుంటే తెలీకుండా పిల్లల్ని కనడం నావల్ల కాదు. నాన్నని చూశాను, వీణ్ణి చూస్తన్నాను.”

పెళ్లికొడుకూ మా సంఘంవాడే, కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమస్తా. పాటల పుస్తకం తెరవకుండానే పాడే మనిషి. ఆమె డ్యూటీ నుంచి ఆలస్యంగా వస్తే చర్చి బెంచీలో తన పక్కన చోటు పట్టి ఉంచేవాడు. వాళ్లిద్దరూ ఇష్టపడి కుదుర్చుకున్న సంబంధం అది.

మే నెలలో ఆమె నరం ముక్క తీసిన రోజున ఐసు కోసం చెరుకురసం బండి దగ్గర ఆగాను. ఆ బండివాడికి నేను పాత ఖాతాదారునే.

“ఇత్నా బరఫ్? ఘర్ మే షాదీ హై క్యా భయ్యా?” అన్నాడు, ఇంట్లో పెళ్లా అని.

“హా, షాదీ హీ హై,” అన్నాను నవ్వుతూ. ఫ్లాస్కు నిండా పోయించుకున్నాను. మామూలు కంటే రెండు ముక్కలు ఎక్కువే వేయించుకున్నాను, మన అమ్మాయిది కదా అని.

ఆమె నరంలోనూ గొట్టాలు లేవు.

డాక్టరుగారు ఆ ఫొటోలను మళ్లీ మళ్లీ తిప్పి చూశారు. నరంలోని పోగుల లెక్క సరిగ్గానే ఉంది, మిగతా అంతా ఆరోగ్యంగా ఉంది, గొట్టాలు మాత్రం కరిగిపోయాయి. అంటే జబ్బు మొదటి మెట్టు మీద ఉంది, పదేళ్లకో పదిహేనేళ్లకో కాళ్లకు దిగుతుంది. ఆయన సిద్ధాంతానికి అంతకంటే పెద్ద రుజువు లేదు. అయినా ఆ మనిషి ముఖంలో సంతోషం లేదు. ఆ మంగళవారం ఆమెను కూర్చోబెట్టి, దాచకుండా చెప్పారు. ఆమె థాంక్యూ సర్ అని లేచి, సాయంత్రం డ్యూటీకి వెళ్లిపోయింది.

పెళ్లికి ముందు చర్చిలో ప్రకటనను మూడు ఆదివారాలు చదవడం ఆనవాయితీ, అప్పటికి వాళ్లది రెండు ఆదివారాలు చదివారు. మూడోసారి చదవాలి.

గురువారం నాడు మా దగ్గర పరిశోధన చేసే పంజాబీ అమ్మాయి, అందరూ దీదీ అనేవారు, రెండు ఫొటోలు నా బల్ల మీద పడేసింది. ఒక ఎలుక రెండు కాళ్ల నరాలు అవి. ఒకదాంట్లో గొట్టాలు గుత్తులుగా ఉన్నాయి. రెండోదాంట్లో ఒకటీ అరా.

“భాయ్ సాబ్, చూహా ఏక్, టాంగే దో. ఒక కాలికే జబ్బు వస్తుందా ఎలుకకి?” అని హిందీలో నవ్వింది. “ఆ రోజు రెండింటికీ తేడాగా ఏమైనా చేశామా?”

ఆ రోజు ఏం జరిగిందో నాకు గుర్తుంది. మొదటి నరాన్ని ఆమే ద్రావణంలో వేసింది. ఇంతలో స్కాలర్‌షిప్ కాగితాల కోసం ఆఫీసు నుంచి పిలుపొస్తే వెళ్లింది. రెండోది ఎండిపోతుందని, పెద్ద పోటుగాడిలా నా ఫ్లాస్కులో ఐసు మీద పెట్టి ఉంచాను. గంట తర్వాత ఆమె వచ్చి తీసుకుంది.

ఆ క్షణంలోనే అంతా తెలిసిపోయింది. గొట్టాలను కరిగించింది జబ్బు కాదు, చలి. తమ్ముడి నరంలో కరిగించింది నేనే, అక్క నరంలో కరిగించిందీ నేనే.

“తేడా ఏమీ లేదు దీదీ. రెండూ బల్ల మీదే ఉన్నాయి,” అన్నాను.

“అచ్ఛా, అయితే నేను కోయడంలోనే పాడైపోయి ఉంటుంది,” అని ఆ పిల్ల తన తప్పే అనుకుని వెళ్లిపోయింది. పాపం ఆ పనంతా మళ్లీ మొదటి నుంచి చేసుకుంది.

ఎందుకు అబద్ధం చెప్పానో దాచను. సోమవారం నాకు ఇంటర్వ్యూ ఉంది, సీనియర్ టెక్నీషియన్ పోస్టుకి. ఏడేళ్లుగా దాని కోసం కాచుకుని ఉన్నాను. ఈ రెండు నరాల కాగితాల మీద ‘రూమ్ టెంపరేచర్’ అన్న గళ్లో నా టిక్కు, కింద నా సంతకం ఉన్నాయి. అది బయటపడితే పోస్టు మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగమే ఉంటుందో లేదో. సోమవారం గడవనీ, చెబుదాం అనుకున్నాను. నాలుగు రోజుల్లో ఏం మునిగిపోతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఏం మునిగిపోతుందో నాకు బాగా తెలుసు. ప్రకటన ఆదివారం కదా.

ఆదివారం చర్చికి వెళ్లకుండా ఉండాల్సింది. వెళ్లాను. మూడో బెంచీలో కూర్చున్నాను. అంతకు ముందు రెండు వారాలూ పాస్టరు అయ్యగారు చదివి, ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయాలి అని ఆగి, సంఘం వైపు చూసేవారు. ఆ రోజు కాగితం చూడకుండానే చెప్పారు. రెండు ఆదివారాలు చదివిన ప్రకటనను వధువు కోరిక మీద వెనక్కి తీసుకుంటున్నాం, ప్రార్థన చేయండి అన్నారు. ఆ రిపోర్టుకు విలువ లేదని తెలిసినవాణ్ణి ఆ హాలు మొత్తంలో నేనొక్కణ్ణే. లేచి నిలబడితే చాలు. పాటల పుస్తకం తెరిచి తల వంచుకున్నాను.

ఆరాధన అయ్యాక గేటు దగ్గర పెళ్లికొడుకు నా చెయ్యి పట్టుకున్నాడు.

“మీరు అక్కడే పని చేస్తారు కదా బ్రదర్. ఆ రిపోర్టు తప్పయ్యే అవకాశం ఏమైనా ఉందా? కొంచెం ఉందన్నా చెప్పండి, ఎన్నాళ్లయినా ఆగుతాను. తను నా మాట వినట్లేదు. మీరు చెబితే వింటది.”

అంత సూటిగా అడిగాడు. నేను చెప్పిన మాట ఇది:

“పెద్ద డాక్టరుగారు స్వయంగా చూశారు బాబూ.”

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అందుకే అంత నీచమైన మాట నా జీవితంలో ఇంకోటి లేదు. అతను తల ఊపి, చెయ్యి వదిలేసి, బస్టాపు వైపు వెళ్లాడు.

సోమవారం ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. టెక్నీషియన్‌కు ఉండాల్సిన ముఖ్యమైన గుణం ఏమిటి అని అడిగారు. చేసింది చేసినట్టు రాయడం సర్ అన్నాను. చాలా మెచ్చుకున్నారు. తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

ఇంటర్వ్యూ అయిపోయింది కదా, అప్పుడైనా చెప్పవచ్చు. చెప్పలేదు. ఆర్డరు చేతికి రానీ అనుకున్నాను. పై సోమవారం వచ్చింది. గురువారం నుంచి లెక్కపెడితే పదకొండు రోజులు.

ఆర్డరు జేబులో పెట్టుకుని డాక్టరుగారి గదికి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, ఐసు సంగతీ ఎలుక సంగతీ చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన ఫ్లాస్కు తెమ్మన్నారు. మూత తీసి, ఖాళీ ఫ్లాస్కులోకి చాలాసేపు చూశారు. బల్ల మీద ఆయన రాసుకున్న పేపరు ఉంది, టైపుకి వెళ్లాల్సింది. దాన్ని సొరుగులో పెట్టేశారు.

“మేరీ భీ గల్తీ హై. ఎలా తెచ్చావని నేను ఒక్కసారీ అడగలేదు,” అన్నారు. “వెళ్లి ఆ అమ్మాయితో చెప్పు. నువ్వే చెప్పాలి.”

దెబ్బలు కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

యమున అవతలి ఆసుపత్రిలో, వార్డు వరండాలో ఆమెకు చెప్పాను. మందుల ట్రే చేతిలో పట్టుకునే విన్నది.

“అయితే నాకు జబ్బు లేదా?”

“తెలీదమ్మా. ఆ ముక్కతో ఏమీ చెప్పలేం.”

“మొన్న శనివారం ఊరి నుంచి ఫోన్లో కబురు వచ్చింది,” అంది. “ఆయన సెలవు పెట్టి ఊరెళ్లారు. వాళ్లమ్మగారు వేరే అమ్మాయితో ప్రధానం చేయించేశారంట. ఉంగరాలు కూడా మార్చుకున్నారు.” ట్రేలో సీసాలు సర్దుతూ, “పోనీలెండి, ఆ అమ్మాయి ఏం చేసింది పాపం,” అంది. తర్వాత మామూలు గొంతుతోనే, “రెండో కాల్లోది తియ్యమనండి డాక్టరుగారిని. ఈసారి ఐసు వద్దు,” అంది.

రెండోసారి డాక్టరుగారే సీసాతో పాటు వెళ్లారు. గడప దాటని ద్రావణం మొదటిసారి దాటింది. నరం ముక్క బయటికి వచ్చిన వెంటనే అందులో వేశారు. నాలుగు రోజులకు చూస్తే గొట్టాలు ఎలా ఉండాలో అలా ఉన్నాయి, గుత్తులు గుత్తులుగా, జబ్బు జాడ లేదు. ఆమె ఫొటో చేతిలోకి తీసుకుని, ఇవేనా అని వేలితో ఒక్కొక్కటీ తాకి చూసింది. డాక్టరుగారి పేపరు మాత్రం ఎప్పటికీ అచ్చుకాలేదు. ఆ కాగితం రాసి గోడకు అంటించింది ఆ వారమే.

నేను ఆమెను బస్టాపు దాకా దిగబెట్టాను. రెండు కాళ్లకూ కట్లు ఉన్నాయి, మెల్లగా నడిచింది. బస్సు వస్తుండగా అడిగింది.

“అన్నయ్యా, ఒక్క మాట. ఆ ఆదివారం నాటికి మీకు తెలుసా?”

“తెలీదమ్మా,” అన్నాను. “ఆ తర్వాతే తెలిసింది.”

“అదే అనుకున్నాను. తెలిస్తే ఊరుకుంటారా మీరు,” అని బస్సెక్కింది.

తమ్ముడు బ్యాంకు పరీక్ష రాసి పాసయ్యాడు, కొన్నేళ్లు కర్ర పట్టుకుని, ఆ తర్వాత చక్రాల కుర్చీలో ఉద్యోగానికి వెళ్లాడు, యాభై దాటకుండా పోయాడు. ఆఖరి దాకా అక్కే చూసుకుంది. ఆమె పెళ్లి చేసుకోలేదు. అందుకు నేనొక్కణ్ణే కారణమని చెప్పుకుంటే అది కూడా గొప్పలు పోవడమే అవుతుంది. ఆ తర్వాత సంబంధాలు రాకపోలేదు, ఆమే వద్దంది. ఎందుకని నేను అడగలేదు, అడిగే ముఖం నాకు లేదు. ఒక చలికాలం హీటరుకు ఆనుకుని పాదం పక్కన కాలిపోతుంటే, వాసన వచ్చేదాకా ఆమెకు తెలియలేదట. నవ్వుతూనే చెప్పింది. సీనియర్ టెక్నీషియన్‌గా నేను ఇంకో రెండు మెట్లు కూడా ఎక్కి, పూలదండ వేయించుకుని రిటైరయ్యాను.

ఇది చదివేవాళ్లలో కొత్తగా ల్యాబుల్లో చేరే మీలాంటి వాళ్లకు చలి, గొట్టాలు, ఇవన్నీ పుస్తకాల్లోనే దొరుకుతాయి. తప్పు టిక్కు పెట్టకండి అని చెప్పడానికి నేను అక్కర్లేదు. నేను చెప్పేది పదకొండు రోజుల సంగతి. తప్పు చేసింది తెలియక. పదకొండు రోజులు ఊరుకున్నది తెలిసి.

ఆమె ఇప్పుడు మా జిల్లాలోనే ఉంటోంది. ప్రతి క్రిస్మస్‌కూ నాకు కేకు పంపిస్తుంది, పెట్టె మీద ‘అన్నయ్యగారికి’ అని రాసి. ప్రతిసారీ తిన్నాను. ఈ వ్యాసం అచ్చయిన పత్రికను ఆమెకు నా చేత్తో నేనే పోస్టు చేస్తాను. సిస్టర్, ఆ ఆదివారం నాటికి నాకు తెలుసు. గురువారమే తెలిసింది.